నడకకు చోటు కావలెను

"ప్రతిరోజు నడవండి" అని మధుమేహ రోగికి చెప్పుట సులభం. ఎక్కడ నడవవలెనో చెప్పువారు అరుదు. మాది పాతబస్తీలోని ఇరుకు గల్లీ. రెండేండ్ల క్రితం నా శ్రీమతిని ఒక స్కూటరు ఒరుసుకొని పోయినది. గాయం చిన్నదే. కాని ఆమె నడక మానివేసినది, రక్తంలో చక్కెర పెరిగినది.

న్యూయార్కులో 1980లో రైళ్లు ఆగిపోయిన ఒక వంతెన లైనును 2009లో నడకబాటగా తెరచినారు. మన పాతబస్తీలో అట్టి వాడని పట్టాలు ఎక్కడివి? యాకుత్‌పురా, ఫలక్‌నుమా మీదుగా రైళ్లు నేటికీ తిరుగుచున్నవి. అయితే 1591 నాటి చార్మినార్ చుట్టూ వాహనాలను నిలిపి, గ్రానైటు రాళ్లు పరచి, ఆ నేలను పాదచారులకు విడిచినారు. సాయంత్రం అది చిరువ్యాపారులతో కిక్కిరిసి ఉండును (వారికీ బ్రతుకుతెరువు కావలెను కదా!). కనుక మేము తెల్లవారుజామునే వెళ్లుచున్నాము.

శక్తిలో సగం వరకే వ్యాయామం చేయవలెనని వాగ్భటుడు చెప్పినాడు. అదియు చలికాలంలో, వసంతంలో. తక్కిన కాలాలలో ఇంకను తక్కువ. నోటితో ఊపిరి తీయవలసి వచ్చినచో ఆగవలెను. అజీర్ణం చేసిననాడు విశ్రాంతియే మేలు. రాతినేల మోకాళ్లకు కఠినం. ముందుగా గోరువెచ్చని నువ్వులనూనెతో మర్దన చేసుకొని, మెత్తని బూట్లు తొడుగవలెను. మధుమేహులు వట్టి కాళ్లతో నడువరాదు. చక్కెరకు మందులు వాడువారు గ్లూకోజు పొట్లం వెంట ఉంచుకొనవలెను. వైద్యుని అడుగకుండ మందు తగ్గించరాదు.

మొన్న ఆమె మీనారుల చుట్టూ మూడు చుట్లు తిరిగినది. గల్లీ దాటువరకు మాత్రం నా చేయి వదలదు.