హద్దుమీది చెట్టు

ఇరుగుపొరుగువారి నడుమ కలహము పుట్టుటకు పెద్ద కారణములు అక్కరలేదు. ఒక కొమ్మ గోడ దాటినను, ఒక వేరు పునాది క్రిందికి ప్రాకినను, ఒక కంచె మూరెడు జరిగినను చాలును. చెట్టునకు హద్దు తెలియదు. వేరు తేమ యున్న దిక్కునకు పోవును. కొమ్మ వెలుతురున్న దిక్కునకు సాగును. హద్దు మనుష్యుడు ఏర్పఱచుకొన్నది. ఈ రెంటికిని పొత్తు కుదుర్చుట యెట్లు అను ప్రశ్న మిక్కిలి పాతది.

కొలతలును, పటములును లేని కాలమున చెట్టే హద్దుగా నుండెడిది. మనుస్మృతిలోని ఎనిమిదవ అధ్యాయమున ఎల్లల తగవులను గూర్చి చెప్పబడినది. మఱ్ఱి, రావి, మోదుగ, బూరుగ, తాడి మొదలగు చెట్లను ఎల్లలయందు నాటవలెనని అందు కలదు. ఇవి పెక్కేండ్లు నిలుచును, దూరమునుండి కనబడును. అయినను చెట్టు గాలికి కూలవచ్చును. దురాశాపరుడు దానిని నఱకవచ్చును. కావున ఱాళ్లు, ఎముకలు, ఊక, బూడిద, పెంకులు, ఇటుకలు, బొగ్గులు మున్నగువానిని ఎల్లవెంబడి నేలలో రహస్యముగా పాతిపెట్టుమనిరి. నేల వీనిని త్వరలో జీర్ణము చేసికొనలేదు. అప్పటికిని సందేహము తీరనిచో, ఎఱ్ఱని పూలదండలును ఎఱ్ఱని వస్త్రములును ధరించి, తలపై మన్ను పెట్టుకొని, పెద్దలు ఎల్లను నిర్ణయింపవలెను. అబద్ధమాడినవానికి దండన కలదు. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షర యను వ్యాఖ్యయందును ఈ విషయము విచారింపబడినది. ఆ గ్రంథమును 13వ శతాబ్దమున కేతన తెలుగుపద్యములలో విజ్ఞానేశ్వరీయమను పేర రచించెను.

నేడు మన తెలుగు రాష్ట్రములలో భూముల హద్దులు 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టము ననుసరించి నిర్ణయింపబడుచున్నవి. పూర్వము సర్వేయరులు 66 అడుగుల గొలుసుతో కొలిచి మూలలయందు ఱాళ్లు పాతెడివారు. ఇప్పుడు ఉపగ్రహముల సంకేతములను గ్రహించు యంత్రములను గూడ వాడుచున్నారు.

చెట్టువలన పొరుగువానికి కలుగు కష్టము ఊహామాత్రము కాదు. నీడ సంగతి చూడుడు. విజయవాడ, గుంటూరు ప్రాంతములు భూమధ్యరేఖకు సుమారు 16 డిగ్రీల ఉత్తరమున నున్నవి. డిసెంబరు చివర మధ్యాహ్నవేళ సూర్యుడు అచ్చట నడినెత్తికి రాక దక్షిణమునకు ఒరిగియుండును. అప్పుడు 30 అడుగుల చెట్టునీడ ఉత్తరమునకు దాదాపు 25 అడుగుల దూరము పడును. జూను మాసమున ఆ చెట్టుకే మధ్యాహ్నము నీడ పొడవు మిక్కిలి తక్కువ. కావున ఎల్లకు దక్షిణమున నున్న చెట్టు ఉత్తరపు పొరుగువాని శీతకాలపు పైరునకు వెలుతురు తగ్గించును. తూర్పు పడమరలనున్న చెట్లు ఉదయమునగాని సాయంకాలమునగాని మాత్రమే అడ్డు వచ్చును. ఇక వేరులు కొమ్మల పరిధిని దాటి పోయి నీటిని, ఎరువును పంచుకొనును. గోడ పగులులో మొలిచిన రావిమొక్కను చిన్ననాడే పెఱికివేయనిచో అది లావెక్కి గోడను చీల్చును.

ఇట్టి సందర్భములలో న్యాయమేమి? మొదలు ఎవరి నేలలో నున్నదో చెట్టు వారిది. కొమ్మలు హద్దు దాటినచో పొరుగువాడు తన నేలలో నిలిచి, హద్దువఱకు మాత్రమే వానిని కోయవచ్చును. లెమన్, వెబ్ అనువారి వ్యాజ్యెమున ఇంగ్లండు ప్రభువుల సభ ఇచ్చిన తీర్పు 1895 నాటి న్యాయనివేదికలలో కలదు. అందు స్థిరపడిన సూత్రమిదియే. మన న్యాయస్థానములును సామాన్యముగా దీనినే పాటించుచున్నవి. అయితే కోసిన కొమ్మయు, దాని పండ్లును చెట్టు యజమానివే. కోయువానికి కోయు హక్కు కలదు. తీసికొనిపోవు హక్కు లేదు. చెట్టునే కొట్టివేయవలెనన్నచో 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము అధికారుల అనుమతి కావలెను. కూలి ప్రాణహాని చేయునట్లున్న చెట్టును గూర్చి మేజిస్ట్రేటునకు తెలుపవచ్చును. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 152వ విభాగము అందులకు వీలు కల్పించుచున్నది.

ఈ బాధ మనదేశమునకే పరిమితము కాదు. ఇంగ్లండులో కొందఱు పెరటి హద్దులయందు లేలండ్ సైప్రస్ అను చెట్టును వరుసగా నాటుదురు. అది ఏటికి సుమారు మీటరు చొప్పున పెరిగి, పచ్చని గోడవలె నిలిచి, పక్కయింటికి ఎండ తగులనీయదు. ఈ తగవులు మితిమీరుటచే అచ్చట 2003లో చేసిన ఒక చట్టమున ఎత్తైన కంచెలను గూర్చిన భాగమును చేర్చిరి. రెండు మీటర్లకు మించి పెరిగి ఎప్పుడును ఆకురాల్చని కంచె వెలుతురును అడ్డగించినచో స్థానిక సంఘమునకు ఫిర్యాదు చేయవచ్చును. కాని ఫిర్యాది ముందుగా పొరుగువానితో మాటలాడి పరిష్కారమునకు ప్రయత్నింపనిచో ఆ సంఘము విచారింప నిరాకరింపవచ్చును. చట్టముకూడ మొదట మాటనే కోరుచున్నదని గమనింపుడు.

నేను ప్రధానోపాధ్యాయుడనుగా నున్న ఒక గ్రామమున జరిగిన సంగతి చెప్పెదను. రెండిండ్ల పెరళ్ల నడుమ ఒక వేపచెట్టుండెను. ఆ రెండిండ్ల బాలురును మా పాఠశాలలో ఒకే తరగతిలో చదివిరి. కులములు వేఱైనను ఒకడు పక్కయింటి పెద్దను పెదనాన్నగారని, రెండవవాడు బాబాయిగారని పిలిచెడివారు. వేపాకులు కూరపాదులమీద రాలుచున్నవని ఒకాయన అనెను. రెండవ ఆయన వినలేదు. ఒకనాడు ఆయన ఊరిలో లేనప్పుడు మొదటి ఆయన పెద్దకొమ్మ నఱికించి, కట్టెలు తన పాకలో వేయించెను. పెద్దమనుష్యులు చెప్పిచూచిరి, ఫలము లేకపోయెను. వ్యాజ్యెము కోర్టునకు పోయెను. ఆ రెండిండ్ల నడుమ వరుసలు పోయినవి. బాలురు ఒక బల్లమీద కూర్చుండుట మానిరి.

నాలుగేండ్లకు సర్వేయరు వచ్చి పూడిపోయిన హద్దుఱాయిని త్రవ్వించి కొలిచెను. గీత సరిగా చెట్టుమొదలు నడుమనుండి పోయెను. చెట్టు ఇద్దఱిదియు! కాని అప్పటికే ఎవరో రాత్రివేళ దాని బెరడును చుట్టును ఒలిచివేసిరి. ఆ పని ఎవరు చేసిరో నేటికిని తేలలేదు. ఆకులలో తయారైన ఆహారము బెరడుగుండనే వేరులకు దిగును. అది తెగుటచే చెట్టు ఎండిపోయెను. ఆ వేసవిలో రెండు పెరళ్లును సమానముగా మాడినవి. కలహము మొదలైన వారముననే నేను ఆ ఇరువురను పిలిచి మాటలాడియుండవలసినది. ఇది బడి సంగతి కాదని ఊరకుంటిని. ఆ తప్పు నాకు ఇప్పటికిని జ్ఞప్తికి వచ్చుచుండును.

బాలబాలికలారా! మీరు చెట్టు నాటునప్పుడు అది రేపు ఎంత విస్తరించునో తలచుకొని, హద్దునకు ఆ మేర దూరముగా నాటుడు. తోటలలో కొబ్బరిమొక్కల నడుమ సుమారు 25 అడుగుల ఎడము విడుతురు; హద్దువద్ద అందులో సగమైనను విడువవలదా? కంచెను ఏటేట వానలకు ముందు కత్తిరింపుడు. హద్దుఱాళ్లు ఎచ్చటనున్నవో మీ పెద్దలనడిగి తెలిసికొనుడు. పొరుగువారి కొమ్మ మీ పెరటిలోనికి వచ్చినచో కత్తి పట్టుటకు ముందు తలుపు తట్టుడు. “బాబాయిగారూ, మీ కొమ్మ మా పాదులమీదికి వచ్చినది. ఆదివారమునాడు మీరు చూపినంతమేర కోయింతుము” అని చెప్పుటకు ఖర్చేమియు లేదు. కోసిన కొమ్మను వారి వాకిటనే దింపి రండు.