గళ్ళ గుడ్డల గొప్పలు

తాడ్వాయి పొలాల గట్ల మీద, కామారెడ్డి అంగట్లో ఏ రైతును చూసినా భుజాన గళ్ళ తువ్వాలో, నడుముకు గళ్ళ లుంగీయో ఉంటుంది. ఇంత మామూలు గుడ్డ కోసం ఒక దేశంలో చట్టం వచ్చింది. ఒక ముక్క చంద్రుడి దాకా పోయింది. స్కాట్లండ్ వాళ్ళ గళ్ళ గుడ్డ టార్టన్ పేరు లోకమంతటికీ తెలుసు. మన నేతగాళ్ళ గళ్ళు నడిచిన దారి అంతకు ఏమాత్రం తక్కువది కాదు.

కొన్ని రంగులు, బోలెడు వన్నెలు
పడుగులో (నిలువు దారాల్లో) ఏ రంగుల వరస ఉందో పేకలోనూ (అడ్డ దారాల్లోనూ) అదే వరస నడిపితే గళ్ళు పడతాయి. ఒకే రంగు దారాలు కలిసిన చోట నిండు రంగు, వేర్వేరు రంగులు కలిసిన చోట మిశ్రమ వన్నె. రెండు రంగుల నూలుతో 3 వన్నెలు వస్తే, ఆరు రంగులతో 21 వస్తాయి.

స్కాట్లండ్‌లో పాతవి
స్కాట్లండ్‌లోని ఫాల్కిర్క్ దగ్గర 1933లో వెండి నాణేలు నిండిన కుండ ఒకటి దొరికింది. దాని మూతికి కుక్కిన ఉన్ని గుడ్డ సుమారు 3వ శతాబ్దం నాటిది. రంగు అద్దనే లేదు. లేత ఉన్ని, ముదురు ఉన్ని కలిపి గళ్ళు తీశారు. స్కాట్లండ్‌లో దొరికిన, రంగులద్దిన అసలు టార్టన్‌లలో పాతది అక్కడి గ్లెన్ అఫ్రిక్ బురదనేలలో దొరికిన ముక్క, 16వ శతాబ్దానిది.

బట్టకు జైలు
స్కాట్లండ్‌లో లేచిన తిరుగుబాటు అణచాక బ్రిటిష్ పార్లమెంటు 1746లో చట్టం చేసి, అక్కడి మగవాళ్ళు కొండప్రాంతపు దుస్తులు, టార్టన్ కోట్లు వేయరాదంది. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల జైలు, మళ్ళీ దొరికితే ఏడేళ్ళ ద్వీపాంతరం. సైనికులకు మాత్రం మినహాయింపు. 1782లో ఆ చట్టం పోయింది. ఇప్పుడు అక్కడి ప్రభుత్వమే టార్టన్‌లకు రిజిస్టరు నడుపుతోంది.

అన్నిటికన్నా ఎత్తుకు
1969 నవంబరులో అపోలో 12లో వెళ్ళిన వ్యోమగామి అలన్ బీన్ తన వంశపు టార్టన్ ముక్కను చంద్రుడి మీదికి తీసుకెళ్ళాడు.

నూనె తాగిన రుమాలు
నా దృష్టిలో అన్నిటికన్నా గొప్పది మన తేలియా రుమాలే. నేతకు ముందే నూలును నూనెలో, ఆముదపు కాయల తొక్కల బూడిద నీళ్ళలో నానబెట్టి, పిసికి, ఎండబెట్టి, మళ్ళీ నానబెడతారు. రోజుల తరబడి ఇదే పని. అలా చేస్తేనే ఎరుపు దారంలోకి దిగి నిలుస్తుంది. గుడ్డ మెత్తగా ఉంటుంది, నూనె వాసన పోదు. చీరాలలో నేసిన ఈ ఎరుపు, నలుపు, తెలుపు రుమాళ్ళు అరబ్బు దేశాలకు ఎగుమతయ్యాయి. పడుగుకూ పేకకూ ముందే కట్లు కట్టి రంగులద్దాలి. నేసేటప్పుడు ఒక గుర్తు వెంట్రుకవాసి జరిగినా గడి చెదురుతుంది. చీరాలలో సన్నగిల్లిన ఈ పనిని యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాక నేతగాళ్ళు నిలబెట్టారు. వారిలో గజం గోవర్ధనకు 2011లో పద్మశ్రీ వచ్చింది. తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

ఈ రకం నేతలో పేక దారాన్ని ముందుగా ఆసు పోయాలి, అంటే మేకుల చుట్టూ వరసగా చుట్టాలి. పోచంపల్లి పద్ధతి చీర ఒక్కదానికి ఆడవాళ్ళ చేయి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ తిరిగేది. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం కనిపెట్టాడు. 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. తెలంగాణ నేత చరిత్రలో ఇంతకన్నా మంచి ఆవిష్కరణ నాకు కనబడదు.

కోసి చేసే అందం
చీరాల వైపు మగ్గాల మీద నేసిన గళ్ళ గుడ్డ ‘రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్’ పేరుతో ఓడలెక్కి పశ్చిమ ఆఫ్రికా చేరింది. రుమాలని పేరేగాని అక్కడ ఒంటికి చుట్టుకునే బట్ట అది. నైజీరియా తీరపు కలాబరి జనం దాన్ని ‘ఇంజిరి’ అంటారు. పుట్టుక నుంచి చావు దాకా వాళ్ళ శుభాశుభాలన్నిటిలో ఆ గుడ్డ ఉండాల్సిందే. అక్కడి ఆడవాళ్ళు సూదితో దారం ఎత్తి, బ్లేడుతో తెంచి, లాగేస్తారు. ఏ దారం తీయాలి, ఏది ఉంచాలి అన్న లెక్క తప్పకూడదు. తీసిన చోట గుడ్డ జల్లెడలా పలచబడి కొత్త గళ్ళు తేలతాయి. నేతగాడు వేసిన గడి అలా అడుగునుండగానే, దాని మీద ఆ ఇంటివాళ్ళ సొంత నమూనా నిలుస్తుంది. ఇలా కోసిన గుడ్డ పేరు ‘పెలెటె బైట్’.