తోలుబొమ్మకు చిల్లులెందుకు?

ధర్మవరం అనగానే పట్టుచీర గుర్తొస్తుంది. ఆ పక్కనే ఉన్న నిమ్మలకుంటది తోలుబొమ్మల పేరు. అనంతపురం జిల్లాలో ఉండిన ఈ ఊరు 2022లో శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. ఇక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మనిషెత్తు రాముణ్ణో రావణుణ్ణో దగ్గర నుంచి చూస్తే కిరీటం, హారాలు, వడ్డాణం నిండా ఉలితో పొడిచిన సన్నని చిల్లులే. అంత ఓపికగా చిల్లులు పొడిచే బదులు తెల్లరంగుతో చుక్కలు పెడితే సరిపోదా?

సరిపోదు. తెల్లరంగు తన మీద పడిన వెలుగును వెనక్కి తిప్పి కొడుతుంది కాబట్టే తెల్లగా కనిపిస్తుంది. తోలుబొమ్మకు దీపం వెనక ఉంటుంది, ప్రేక్షకుడు తెరకు ఇవతల ఉంటాడు. తెల్లచుక్క వెలుగును దీపం వైపే తిప్పేస్తే మనకు అక్కడ కనిపించేది మసక మచ్చ. ఎరుపు, పచ్చ రంగులు పలచగా పూస్తే తమ వన్నె వెలుగును ఇవతలికి పోనిస్తాయి. తెలుపు కావాలంటే మాత్రం తోలునే తీసేయాలి.

ఆ తోలు కూడా చెప్పుల తోలు లాంటిది కాదు. చర్మమంతా కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగుల అల్లిక. చెప్పుల కోసం పదును చేసిన తోలులో ఈ పోగులు విడివిడిగా ఉండిపోతాయి. వాటి సందుల్లోని గాలి వెలుగును అన్ని వైపులా చెదరగొడుతుంది. బొమ్మ కోసమైతే మేక చర్మానికి వెంట్రుకలూ కొవ్వూ గీకేసి, పదును చేయకుండా ఆరబెడతారు. నీరు ఆరిపోయే కొద్దీ పోగులు ఒకదానికొకటి అతుక్కుంటాయి, గాలి సందులు తగ్గుతాయి, వెలుగు లోపలి నుంచి సాగుతుంది. అయినా కొంత వెలుగును తోలు మింగేస్తుంది. అందుకే తోలు మీది రంగు కంటే చిల్లు ఎప్పుడూ ఎక్కువగా మెరుస్తుంది.

చిల్లు తెర మీద చుక్కలా పడాలంటే ఇంకో షరతు ఉంది. దీపం చుక్క కాదు, దానికీ వెడల్పు ఉంది. మంట వెడల్పు 2 సెంటీమీటర్లు, బొమ్మకు 1 మీటరు వెనక దీపం ఉందనుకుందాం. బొమ్మ తెరకు 5 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ప్రతి చిల్లు అంచూ 1 మిల్లీమీటరు మేర మసకబారుతుంది. దూరం 25 సెంటీమీటర్లయితే మసక 5 మిల్లీమీటర్లు. అప్పుడు 3 మిల్లీమీటర్ల చిల్లులు పక్కపక్కనే ఉంటే ముత్యాల వరుస కలిసిపోయి తెల్లటి మరక అవుతుంది. ఆడించేవాళ్లు బొమ్మను తెరకు ఆనించి పట్టుకోవడంలో ఉన్న లెక్క ఇదే. దూరం బాగా పెరిగితే ప్రతి చిల్లూ తన ఆకారం మరిచి, దీపం మంట ఆకారాన్నే తెర మీద తలకిందులుగా వేస్తుంది. పాక్షిక సూర్యగ్రహణం నాడు చెట్టు కింద నెలవంకలు కనిపించేది ఇలాగే.

మెరుపు కోసం ఎన్ని చిల్లులైనా పొడవచ్చా? వెడల్పాటి రేకును లాగినప్పుడు గుండ్రటి చిల్లు అంచున ఒత్తిడి మూడు రెట్లవుతుందని 1898లో జర్మన్ ఇంజినీరు కిర్ష్ లెక్కగట్టాడు. మూల తేలిన చిల్లయితే ఇంకా ఎక్కువ. వరుసగా దగ్గర దగ్గరగా పొడిస్తే తపాలా బిళ్లల మధ్య ఉండే చిల్లుల గీతలా చిరిగేందుకు దారి ఏర్పడుతుంది. తోలు పోగులు అన్ని దిక్కులకూ అల్లుకుని ఉండటం కొంత కాపాడుతుంది కానీ, చిల్లుకూ చిల్లుకూ మధ్య తోలు మిగలాల్సిందే.

ఇప్పుడు నిమ్మలకుంటలో తోలుతో దీపాల గొడుగులూ చేస్తున్నారు. గొడుగు లోపల 6 సెంటీమీటర్ల తెల్లటి బల్బు, దానికి 15 సెంటీమీటర్ల దూరంలో తోలు, అక్కడి నుంచి గోడకు ఒకటిన్నర మీటర్లు అనుకోండి. పై లెక్కే వేస్తే మసక 60 సెంటీమీటర్లు. గొడుగు మీద ఎంత చక్కగా కనిపించినా ఆ నగిషీ గోడ మీద పడదు. గోడ మీదా కావాలంటే బల్బును చుక్కంత చిన్నది చేయాలి. పోస్టుకార్డుకు సూదితో చిల్లులు పొడిచి, ముందు ట్యూబులైటుకూ తర్వాత సెల్‌ఫోను టార్చికీ అడ్డం పెట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది.