మీటరు చెప్పని వయసు

గద్వాలలోనో వనపర్తిలోనో నాగర్‌కర్నూల్‌లోనో సెకండ్ హ్యాండ్ చిన్న కారు బేరానికి వస్తే, కొనేవాడి చూపు ముందు పడేది మీటరు మీదే. నలభై వేలే తిరిగింది, సింగిల్ ఓనర్, ఎక్కువగా ఇంటి ముందే ఉండేది అని చెప్పగానే ధర పైకి పోతుంది. మీటరు వెనక్కి తిప్పడం పెద్ద విద్యేమీ కాదన్న సంగతి అలా ఉంచండి. అది నిజమే చెబుతోందనుకున్నా సగం సంగతే చెబుతుంది. కారులో కొన్ని భాగాలు తిరిగితే అరుగుతాయి, కొన్ని నిలబడి ఉన్నా ముసలివైపోతాయి. పదిహేనేళ్లకు దగ్గరపడ్డ ఎకానమీ కారులో ఖర్చు తెచ్చిపెట్టేవి చాలావరకు ఈ రెండో రకమే. అందుకే అలాంటి బండిని కిలోమీటర్లతో కాక ఏళ్లతో కొలవాలంటాను. పాలమూరులో, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, ఆ లెక్కకు నంబరు ప్లేటే మొదటి సాక్ష్యం. ఏపీ 22 అంటే తెలంగాణ ఏర్పడక ముందు మహబూబ్‌నగర్‌లో నమోదైన బండి. తెలంగాణ కోడ్‌తో ఉండే 31, 32, 33 వరుసగా నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల నంబర్లు, 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాక వచ్చినవి.

ఈ కార్లన్నిటికీ మూలపురుషుడు మారుతి 800. 1983 డిసెంబరు 14న ఇందిరా గాంధీ మొదటి కారు తాళాలు అందించినప్పుడు దాని ధర 50 వేల రూపాయల లోపే. మూడు సిలిండర్లు, 796 సీసీ ఇంజిన్, ముందు చక్రాలకే శక్తి. 2000లో వచ్చిన ఆల్టో కూడా అదే 796 సీసీ కొలతతో నడిచింది. 2014 జనవరిలో 800 తయారీ ఆగిపోయినా ఆ ఇంజిన్ కుటుంబం తెలియని మెకానిక్ షెడ్డు మన పట్టణాల్లో కనపడదు. ఈ బండ్లు ఇంకా రోడ్డు మీద ఉండటానికి మైలేజీ కన్నా ఆ మెకానిక్‌ల పనితనమే పెద్ద కారణమని నా అభిప్రాయం. అయితే ఎవరైనా బాగుచేయగలిగిన యంత్రానికి ఒక చిక్కుంది. ఎవరికి తోచినట్టు వాళ్లు బాగుచేస్తారు.

రేడియేటర్ సంగతే చూడండి. ఎండాకాలం ఇంజిన్ వేడెక్కుతోందంటే కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసేస్తారు. ఆ నీళ్లలోని సున్నం వేడికి సన్నటి గొట్టాల లోపల గారలా పేరుకుంటుంది, నీళ్లు తిరగడానికి దారి తగ్గుతుంది. పైన మూత కూడా చిన్నదేమీ కాదు. అది లోపల ఒత్తిడి నిలిపి ఉంచడం వల్లే నీళ్లు నూరు డిగ్రీలు దాటినా మరగవు. మూతలోని రబ్బరు ఏళ్ల మీద గట్టిపడితే ఆ ఒత్తిడి జారిపోతుంది. అప్పుడు చాలాచోట్ల చేసే పని థర్మోస్టాట్ వాల్వు పీకేయడం. బండి చల్లబడుతుంది, యజమాని సంతోషిస్తాడు. కానీ ఇంజిన్ తనకు కావలసిన వేడికి చేరదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అసలు జబ్బు మాత్రం లోపలే ఉంటుంది. మరో ఎండాకాలానికి అల్యూమినియం హెడ్డు వంగి గాస్కెట్ పోతే, నీళ్లు ఆయిల్‌లో కలుస్తాయి. అందుకే కొనేముందు చల్లగా ఉన్న ఇంజిన్ మీద ఆయిల్ మూత విప్పి దాని అడుగు చూడాలి. అక్కడ పాల టీ రంగు జిగురు అంటుకుని ఉంటే ఇంజిన్ పని తప్పకపోవచ్చు. బాగా చిన్న ప్రయాణాలే చేసే బండిలోనూ కొంచెం తెల్లటి తడి కనిపిస్తుంది కాబట్టి రేడియేటర్ నీళ్లలో ఆయిల్ తేలుతోందా అని కూడా చూసుకోవాలి.

మిగతా ముసలితనం ఇంత బయటికి కనపడదు. ఆ 796 సీసీ ఇంజిన్‌లో వాల్వులను నడిపేది పళ్ల రబ్బరు బెల్టు. 2010లో వచ్చిన ఆల్టో కె10లో దాని బదులు చైను పెట్టారు. బెల్టుకు కిలోమీటర్ల గడువుతో పాటు ఏళ్ల గడువూ ఉంటుంది, తెగిన చోటే బండి ఆగిపోతుంది. టైరు పక్కన ముద్రించిన నాలుగంకెల్లో 3218 అని ఉంటే అది 2018లో 32వ వారం తయారైందని అర్థం. గీతలు లోతుగా ఉన్నంత మాత్రాన అది కొత్త టైరు కాదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోవచ్చు. ఊళ్లో తిరిగినంత కాలం ఈ తేడా తెలియదు. మన్ననూరు దాటి నల్లమలలో దోమలపెంట మీదుగా శ్రీశైలం డ్యాం వైపు ఘాట్ దిగుతున్నప్పుడు తెలుస్తుంది, అదీ పెడల్ మెత్తగా లోపలికి పోయాక. ఇక 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరు పైపులకు కొత్త పరీక్ష. గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని జనం పోరాడారు, అది నీళ్ల గొడవ, నేల గొడవ. బంకులో మాత్రం ఇథనాల్ వద్దనే వీలు పాత బండికి లేదు.

తక్కువ తిరిగితే ఇంజిన్ బాగుంటుంది కదా అంటారు. పిస్టన్ రింగులు, బేరింగులు, క్లచ్ ప్లేటు విషయంలో అది ఒప్పుకోవలసిన మాటే. అయితే రెండు మూడు కిలోమీటర్లు తిరిగి ఆపేసే బండిలో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, పెట్రోలు, తేమ ఆయిల్‌లోనే మిగిలిపోతాయి. కొత్తకోట, పెబ్బేరు, ఎర్రవల్లి మీదుగా హైవే మీద నిలకడగా లక్ష కిలోమీటర్లు తిరిగి, వేళకు సర్వీసు అయిన కారు అంతకంటే ఆరోగ్యంగా ఉండవచ్చు. అయితే కొత్తదే కొనమంటావా అని ఇంకో ప్రశ్న. అననే అనను. బీమా లెక్కలోనే కొత్త కారు విలువ ఐదేళ్లు నిండేసరికి సగానికి పడుతుంది, పాత కారు మరమ్మతులన్నీ కలిపినా అంత నష్టం అరుదు. నా అభ్యంతరం పాత కారు మీద కాదు, దాని లెక్క మీద. వెయ్యి సీసీ లోపు కారుకు థర్డ్ పార్టీ బీమా 2022 జూన్ నుంచి 2,094 రూపాయలు, పన్ను అదనం. పదిహేనేళ్ల తర్వాత రిజిస్ట్రేషన్ ఐదేళ్లకు పొడిగించడానికి 5,000, 2025 ఆగస్టు నుంచి ఇరవై ఏళ్లు దాటిన కారుకు 10,000. వీటికి బ్యాటరీ, టైర్లు, బెల్టు, ఆయిళ్లు కలిపి ఏటా 12 వేలు అనుకుందాం. ఏడాదికి పది వేల కిలోమీటర్లు తిరిగేవాడికి కిలోమీటరుకు పడేది రూపాయి ఇరవై పైసలు. రెండు వేలే తిరిగేవాడికి ఆరు రూపాయలు, అంటే దాదాపు పెట్రోలు ఖర్చంత. పెళ్లిళ్లకు, ఆస్పత్రికి తప్ప బండి తీయని ఇంటికి అద్దె కారే చవక కావచ్చు. పొలం, దుకాణం, బడి అంటూ రోజూ తిరిగే ఇంటికి పాత ఆల్టోను మించిన బేరం లేదు.

అమ్మేవాడికీ ఈ లెక్కలో పాలుంది. యాజమాన్య మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి చేతికిచ్చేస్తే పని అయిపోయిందనుకుంటారు చాలామంది. 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, ఆర్సీలో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారానికి వారే యజమానిగా బాధ్యులని తేల్చింది. ఆ కేసులో బండి అప్పటికే చేతులు మారి మారి ఎక్కడికో పోయింది, ఆర్సీలో మాత్రం పాత పేరే ఉండిపోయింది.