పాత కారు నీళ్ళు నమిలితే...

అంబాసిడర్ కారు ఎక్కకుండా పెద్దయినవాళ్ళు మన తరంలో అరుదు. ముందు సీట్లో నలుగురు, వెనక సీట్లో ఆరుగురు, డిక్కీలో ఆవకాయ జాడీలు! ఆ కారుకి పుట్టిల్లు మనం ఇప్పుడుంటున్న ఈ దేశమేనని మన పిల్లల్లో చాలామందికి తెలియదు. ఆక్స్‌ఫర్డ్ శివార్లలోని కౌలీ ఫ్యాక్టరీ నుంచి 1956లో వచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీసే కలకత్తా దగ్గరి ఉత్తర్‌పారాకి వెళ్ళి అంబాసిడర్ అయింది. 2014 దాకా అక్కడ తయారవుతూనే ఉంది.

అంబాసిడర్‌ని ఇక్కడికి తెచ్చుకోవడం నా వల్ల అయ్యే పని కాదు. అందుకే అదే కుటుంబానికి చెందిన మోరిస్ మైనర్ కొనుక్కున్నాను. అలెక్ ఇస్సిగోనిస్ రూపొందించిన ఈ కారు 1948లో రోడ్డెక్కింది. పది లక్షలు అమ్ముడైన మొట్టమొదటి బ్రిటిష్ కారు ఇదే. నాది 1098 సీసీ ఇంజను, కంప్యూటర్ లేని కాలపు బండి. ఏం జబ్బు చేసినా కళ్ళతో చూసి, చెవులతో విని కనిపెట్టాల్సిందే.

పోయిన వేసవిలో దానికో రోగం పట్టుకుంది. నిలబడి ఉన్నప్పుడు ఇంజను హాయిగా తిరిగేది. రౌండెబౌట్‌లోకి దిగుదామని యాక్సిలరేటర్ తొక్కగానే మాత్రం నీళ్ళు నమిలేది, ఒక్కోసారి పూర్తిగా ఆగిపోయేది. వెనక లారీ ఉంటే గుండె గొంతులోకొచ్చేది. "దీని సంగతి తేలేదాకా పిల్లల్ని ఇందులో ఎక్కించేది లేదు" అని మా ఆవిడ తేల్చి చెప్పింది. ఆ మాటలో న్యాయం ఉంది.

"కార్బరేటర్ మార్చెయ్" అన్నారు మిత్రులు. కానీ గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? ముందు రోగం తెలియాలి కదా!

ఎప్పుడు ఆగుతోంది?

పెట్రోలు ఇంజనుకి కావలసినవి మూడు: గాలి, పెట్రోలు, సరైన సమయానికి నిప్పురవ్వ. వీటిలో ఏది తగ్గుతోందో తెలుసుకోవాలంటే, జ్వరం ఎప్పుడొస్తోందని డాక్టరు అడిగినట్టు మనమూ అడగాలి. పన్నెండేళ్ళ మా అమ్మాయి ఒక నోట్‌బుక్ తీసుకుని నా పక్కన కూర్చుంది. ఇంజను చల్లగా ఉందా, వేడిగా ఉందా, కాలు పెడల్ మీద ఉందా, ఎంత దూరం వెళ్ళాక ఆగింది అన్నీ రాసింది.

ఈ వివరాలు ఎందుకంటే, ఒక్కో కారణం ఒక్కో వేళ బయటపడుతుంది. చల్లగా ఉన్నప్పుడే ఆగితే చోక్ చూడాలి. వేడెక్కాక ఆగి, చల్లారాక మళ్ళీ స్టార్టయితే కండెన్సర్‌నో, కాయిల్‌నో, గొట్టంలో ఆవిరైపోతున్న పెట్రోలునో అనుమానించాలి. కొన్ని మైళ్ళు వెళ్ళాక ఆగితే పెట్రోలు ట్యాంకు మూత విప్పి చూడండి. 'ఉస్సు'మని గాలి లోపలికి పోతే, మూతకున్న గాలిరంధ్రం పూడుకుపోయిందన్నమాట. గాలి లోపలికి పోకపోతే పెట్రోలు బయటికి రాదు.

మైనర్‌లో కరెంటు పెట్రోలు పంపు ఉంటుంది. తాళం తిప్పగానే 'టిక్ టిక్' అని నాలుగైదు సార్లు కొట్టుకుని ఆగాలి. ఆగకుండా కొట్టుకుంటుంటే పెట్రోలు అయిపోయిందో, ఎక్కడో కారుతోందో చూడాలి. అసలు చప్పుడే లేకపోతే లోపం పంపులోనో, దాని వైర్లలోనో ఉంటుంది.

తోలుతిత్తి నుంచి వచ్చిన కార్బరేటర్

మా బండికున్నది ఎస్.యు. కార్బరేటర్. ఎస్.యు. అంటే స్కిన్నర్స్ యూనియన్. స్కిన్నర్లది చెప్పుల వ్యాపారం చేసే కుటుంబం. అందుకేనేమో, వాళ్ళ తొలి కార్బరేటర్లలో మన కొలిమితిత్తిలాంటి తోలుతిత్తి ఉండేది! తర్వాత దాని స్థానంలో పిస్టన్ వచ్చింది. పెడల్ తొక్కినప్పుడు అది ఒక్కసారిగా ఎగరకుండా పైనున్న గొట్టంలోని నూనె పట్టి ఉంచుతుంది. ఆ ఒక్క క్షణం పెట్రోలు పాలు కాస్త పెరిగి ఇంజను అందుకుంటుంది. నూనె లేకపోతే తడబడుతుంది. మా బండిలో నూనె సరిగానే ఉంది. పిస్టన్ పైకెత్తి వదిలితే 'టక్'మని శుభ్రంగా పడింది. అంటే కార్బరేటర్ మీద అనుమానం తగ్గింది.

దొంగ దొరికింది

ఇక మిగిలింది నిప్పు. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి పాయింట్ల మధ్య సందు కొలిచాం. 0.38 మిల్లీమీటర్లు, ఉండాల్సినంతే ఉంది. అప్పుడు అమ్మాయి నోట్‌బుక్ తిరగేసి, "నాన్నా, చల్లగా ఉన్నా, వేడిగా ఉన్నా ఒకటే. పెడల్ కదిలినప్పుడే ఆగుతోంది. మరి పెడల్‌తో పాటు ఇక్కడ కదిలేదేమిటి?" అంది.

అసలు ప్రశ్న అదే. పెడల్ కాస్త తొక్కగానే కార్బరేటర్ నుంచి వచ్చే సన్నగొట్టంలో పీల్పు పుట్టి, డిస్ట్రిబ్యూటర్ లోపలి పళ్ళెం కొద్దిగా తిరుగుతుంది. నిప్పురవ్వ కాస్త ముందుగా పడటానికి ఆ ఏర్పాటు. పళ్ళెంతో పాటు పాయింట్లకి వెళ్ళే చిన్న వైరు కూడా ప్రతిసారీ వంగుతుంది. మీటరు పెట్టి పళ్ళెం తిప్పి చూస్తే ముల్లు పడిపోయింది. పైతొడుగు బాగానే ఉంది, లోపలి రాగి పోగులు తెగిపోయాయి! నాలుగంగుళాల వైరు మార్చాక రెండు వారాలు నేనొక్కణ్ణే నడిపి చూశాను. ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ తర్వాతే పిల్లలు మళ్ళీ ఎక్కారు.

పాత కారు ఉన్నవారికి

* 2021 సెప్టెంబరు నుంచి ఇక్కడ మామూలు పెట్రోలు ఈ10, అంటే 10 శాతం దాకా ఇథనాల్ ఉన్నది. పాత రబ్బరు గొట్టాలను అది మెత్తబరిచి పాడుచేస్తుంది, ఆ నలుసులు జెట్‌కి అడ్డుపడతాయి. ఈ5 ఉన్న సూపర్ రకం పోయించండి, గొట్టాలు మార్పించండి.
* పెద్ద మార్పులు చేయని, 40 ఏళ్ళు దాటిన కార్లకి 2018 మే నుంచి ఎం.ఓ.టి. పరీక్ష తప్పనిసరి కాదు. బండి సురక్షితంగా ఉంచే బాధ్యత మాత్రం మనదే.
* ఒకసారికి ఒక్కటే మార్చండి. నాలుగూ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.
* మూసిన గ్యారేజీలో ఇంజను నడపకండి, ఆ పొగ ప్రాణాలు తీస్తుంది. పెట్రోలు పని చేసేటప్పుడు బ్యాటరీ వైరు విప్పండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

ఇక పిల్లలూ, ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు మీ తాతగార్ని అంబాసిడర్ ముచ్చట్లు అడగండి. దారిలో ఎక్కడ ఆగిపోయిందో, ఎవరు తోశారో, ఏం చేస్తే కదిలిందో రాసుకుని రండి.