హైపోథైరాయిడిజం: వ్యాధి నిర్ధారణ తరువాతి మానసిక స్థితి - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
థైరాయిడ్ గ్రంథి శరీరానికి చాలినంత హార్మోనును తయారు చేయలేని స్థితిని హైపోథైరాయిడిజం అంటారు. బరువు పెరగడం, జుట్టు రాలడం, చలికి తట్టుకోలేకపోవడం వంటి శారీరక లక్షణాలు చాలామందికి తెలిసినవే. దిగులు, మతిమరుపు, ఏకాగ్రతలోపం, ఆందోళన వంటి మానసిక లక్షణాలను మాత్రం సమాజం తరచూ స్వభావలోపాలుగా భావిస్తున్నది. కొత్తగా వ్యాధి నిర్ధారణ అయినవారి మానసిక స్థితికి గల కారణాలను, చికిత్సాకాలంలో ఆ స్థితి మారే క్రమాన్ని, కుటుంబమూ విద్యాసంస్థలూ గ్రహించవలసిన అంశాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: థైరాయిడ్, హార్మోను, దిగులు, మతిమరుపు, కుటుంబం, పరిశోధక విద్యార్థులు.

1. ఉపోద్ఘాతం:
"నాకు థైరాయిడ్ ఉంది" అనే వాక్యం నేటి తెలుగు సంభాషణలో సర్వసాధారణమైంది. నిజానికి థైరాయిడ్ అనేది అందరి మెడలోనూ ఉండే ఒక గ్రంథి పేరు. షుగర్, బీపీ అనే మాటలు వ్యాధుల పేర్లుగా స్థిరపడినట్లే, ఈ అవయవం పేరు కూడా వ్యాధి పేరుగా మారిపోయింది. ఆలంకారికులు చెప్పిన లక్షణావృత్తికి దీనిని ఉదాహరణగా చూపవచ్చు. అయితే ఈ వాడుక వల్ల రెండు నష్టాలున్నాయి. గ్రంథి అతిగా పనిచేయడం, తక్కువగా పనిచేయడం అనే రెండు విరుద్ధ స్థితులు ఒకే మాటలో కలిసిపోతున్నాయి. అంతేకాక, ఇది కేవలం గొంతుకు సంబంధించిన వ్యాధి అనే భావన ఏర్పడి, మెదడుతో దానికి గల సంబంధం మరుగున పడుతున్నది.

ఈ సమస్య పరిధి చిన్నది కాదు. హైదరాబాదుతో సహా దేశంలోని ఎనిమిది నగరాలలో 5376 మంది వయోజనులపై జరిగిన అధ్యయనం 2013లో ప్రచురితమైంది. వారిలో 10.95 శాతం మందికి హైపోథైరాయిడిజం ఉన్నట్లు తేలింది. మొత్తంలో 3.47 శాతం మందికి ఆ పరీక్ష జరిగేవరకు తమకు వ్యాధి ఉన్న సంగతే తెలియదు. పురుషులలో కంటే స్త్రీలలో ఇది చాలా ఎక్కువగా కనిపించింది.

2. గ్రంథికీ మెదడుకూ గల సంబంధం:
మెడ ముందుభాగంలో, స్వరపేటికకు దిగువన ఉండే థైరాయిడ్ గ్రంథి అయోడిన్ సహాయంతో టి4, టి3 అనే హార్మోనులను తయారు చేస్తుంది. స్రవించేదానిలో అధికభాగం టి4. కణాలలో చురుకుగా పనిచేసేది మాత్రం టి3. మెదడు రక్తంలోని టి4ను గ్రహించి, ఆస్ట్రోసైట్లు అనే సహాయక కణాలలో దానిని టి3గా మార్చుకుంటుంది. అంటే మెదడు తనకు కావలసిన హార్మోనులో ఎక్కువ భాగాన్ని తానే సిద్ధం చేసుకుంటున్నది. ముడిసరుకైన టి4 తగ్గినప్పుడు ఈ ఏర్పాటు కొంతవరకే ఆదుకోగలదు. లోపం తీవ్రమైనప్పుడు నాడీకణాల శక్తివినియోగం, సెరటోనిన్, నారడ్రినలిన్ వంటి రసాయనాల పనితీరు దెబ్బతింటాయి. ఆలోచన మందగించడం, ఉత్సాహం సన్నగిల్లడం, నిద్ర చాలకపోవడం, మాట తడుముకోవడం దీని పర్యవసానాలే.

గ్రంథి పనిని పీయూష గ్రంథి టి.ఎస్.హెచ్. అనే హార్మోను ద్వారా నియంత్రిస్తుంది. థైరాయిడ్ ఉత్పత్తి తగ్గినకొద్దీ పీయూష గ్రంథి మరింత టి.ఎస్.హెచ్.ను పంపుతుంది. కనుక రక్తపరీక్షలో ఈ సంఖ్య పెరిగిందంటే థైరాయిడ్ పని తగ్గిందని అర్థం. కొత్తగా నివేదిక చేతికి వచ్చినవారిని తికమకపెట్టే మొదటి విషయం ఇదే. టి.ఎస్.హెచ్. పెరిగి టి4 తగ్గితే అది స్పష్టమైన హైపోథైరాయిడిజం. టి4 సాధారణంగా ఉండి టి.ఎస్.హెచ్. మాత్రమే పెరిగితే దానిని సబ్‌క్లినికల్ స్థితి అంటారు. ఈ భేదం మానసిక లక్షణాలను అంచనా వేసేటప్పుడు చాలా ముఖ్యం.

అయోడిన్ చాలినంత లభించే ప్రాంతాలలో ఈ వ్యాధికి ప్రధాన కారణం హషిమోటో థైరాయిడిటిస్. జపాన్ వైద్యుడు హకారు హషిమోటో 1912లో దీనిని వర్ణించాడు. శరీరరక్షణ వ్యవస్థ సొంత గ్రంథిపైనే దాడి చేయడం దీని స్వభావం. కనుక ఇది మనసు బలహీనపడి తెచ్చుకున్న జబ్బు కాదు, తిండి మీద అదుపు లేక వచ్చినదీ కాదు.

3. చారిత్రక నేపథ్యం:
ఈ వ్యాధికీ మనసుకూ గల సంబంధాన్ని వైద్యులు గుర్తించి శతాబ్దం దాటింది. లండన్ వైద్యుడు విలియం గల్ 1873లో వయోజన స్త్రీలలో ఈ స్థితిని వర్ణించాడు. లండన్ క్లినికల్ సొసైటీ నియమించిన సంఘం 1888లో వెలువరించిన నివేదికలో, సుమారు సగం మంది రోగులలో భ్రమలు, భ్రాంతులు కనిపించాయని పేర్కొన్నది. 1891లో జార్జ్ ముర్రే గొర్రె థైరాయిడ్ సారాన్ని ఒక రోగికి ఎక్కించి చికిత్సకు దారి చూపాడు. ఆమె ఆ తరువాత మరో 28 ఏళ్ళు జీవించింది. ఎడ్వర్డ్ కెండాల్ 1914లో థైరాక్సిన్‌ను వేరుచేశాడు. 1927లో హారింగ్టన్, బార్జర్ దానిని ప్రయోగశాలలో తయారు చేశారు.

స్వయంగా వైద్యుడైన ఎ.జె. క్రోనిన్ 1937లో వెలువరించిన 'ది సిటడెల్' నవలలో, పిచ్చివాడని ధ్రువీకరించి ఆసుపత్రికి పంపబోతున్న ఒక వ్యక్తికి నిజంగా ఉన్నది థైరాయిడ్ లోపమేనని యువ వైద్యుడు గుర్తిస్తాడు. 1949లో రిచర్డ్ ఆషర్ ఇటువంటి 14 మంది రోగుల వృత్తాంతాలను ప్రచురించాడు. థైరాయిడ్ చికిత్సతో వారిలో అధికులు కోలుకున్నారు. అంతటి తీవ్రస్థితి నేడు అరుదు. రక్తపరీక్ష సులభం కావడంతో వ్యాధి ముందుగానే బయటపడుతున్నది. అయినా మానసిక లక్షణాల వెనుక శారీరక కారణం ఉండవచ్చునన్న నాటి పాఠం నేటికీ వర్తిస్తుంది.

4. బద్ధకమా, వ్యాధిలక్షణమా?:
తెలుగులో నీరసం, నిస్సత్తువ, బద్ధకం, సోమరితనం అనే మాటలు దగ్గరి అర్థాలు కలవిగా కనిపిస్తాయి. కాని మొదటి రెండూ శరీరస్థితిని సూచిస్తే, చివరి రెండూ మనిషి గుణాన్ని నిందిస్తాయి. హైపోథైరాయిడిజం ఉన్న వ్యక్తి తన స్థితిని నీరసం అంటుంటే, ఇంట్లోవారు దానినే బద్ధకం అంటారు. ముఖ్యంగా ఇంటిపనీ ఉద్యోగమూ రెండూ మోసే స్త్రీల విషయంలో ఈ నింద ఎక్కువ. ఏళ్ళ తరబడి ఆ మాట విన్నవారు దానిని తామే నమ్ముతారు. రక్తపరీక్ష ఫలితం వచ్చిన రోజున అటువంటివారిలో రెండు భావాలు ఒకేసారి కలుగుతాయి. తన లోపం కాదని తెలిసిన ఊరట ఒకటి, జీవితాంతం మాత్ర వేసుకోవాలన్న దిగులు మరొకటి. పెళ్ళికాని యువతుల విషయంలో సంబంధాల గురించిన భయం, పిల్లలు పుట్టరేమోనన్న ఆందోళన దీనికి తోడవుతాయి. హార్మోను స్థాయి సరిగా ఉన్నప్పుడు ఈ వ్యాధి సంతానానికి అడ్డంకి కాదు. గర్భం నిలిచినట్లు తెలిసిన వెంటనే వైద్యుని కలిసి మోతాదు సరిచూసుకోవడమే అవసరం.

5. చికిత్స తొలి నెలలు:
లోపించిన హార్మోనును లెవోథైరాక్సిన్ మాత్ర భర్తీ చేస్తుంది. రక్తంలో టి4 పరిమాణం సగానికి తగ్గడానికి సుమారు ఏడు రోజులు పడుతుంది. అందువల్ల కొత్త మోతాదు ప్రభావం స్థిరపడేందుకు ఆరు వారాలు కావాలి. పరీక్షను ఆరు నుండి ఎనిమిది వారాల తరువాత మళ్ళీ చేయించమనడానికి కారణం ఇదే. ఈ సంగతి ముందుగా తెలియనివారు పదిరోజులకే మార్పు కనబడలేదని నిరాశపడి మందు మానేస్తారు, లేదా సొంతంగా మోతాదు పెంచుతారు. మోతాదు మించితే గుండెదడ, నిద్రలేమి, చికాకు, ఆందోళన కలుగుతాయి. వాటిని మరో మానసిక సమస్యగా పొరబడే అవకాశం ఉంది.

మాత్రను పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని, అరగంట నుండి గంట తరువాత మాత్రమే కాఫీ, అల్పాహారం తీసుకోవాలి. కళ్ళు తెరవగానే కాఫీ అలవాటైన ఇళ్ళలో ఇది చిన్న మార్పు కాదు. ఐరన్, కాల్షియం మాత్రలకూ దీనికీ నాలుగు గంటల వ్యవధి ఉండాలి. జుట్టు కోసం బయోటిన్ వాడేవారు ఆ సంగతి పరీక్షకు ముందే చెప్పాలి. అది ఫలితాన్ని తారుమారు చేయగలదు. క్యాబేజీ వంటి కూరలను ఉడికించి మితంగా తింటే సాధారణంగా హాని లేదు. పథ్యం పేరిట ఇష్టమైనవన్నీ మానుకోవడం దిగులును పెంచుతుందే తప్ప గ్రంథిని బాగుచేయదు. ఏ ఆహారమూ మాత్రకు ప్రత్యామ్నాయం కాదు.

శరీర లక్షణాలన్నీ ఒకే వేగంతో తగ్గవు. రక్తంలో సంఖ్య సరిపడిన తరువాత కూడా జ్ఞాపకశక్తి, ఏకాగ్రత పూర్తిగా కుదుటపడటానికి కొన్ని నెలలు పట్టవచ్చు. ఈ వ్యవధిలో నిద్ర, ఉత్సాహం, చదివినది గుర్తుండటం అనే మూడింటిని వారానికొకసారి చిన్న పుస్తకంలో రాసుకుంటే, మార్పు నెమ్మదిగానైనా జరుగుతున్నదో లేదో వైద్యునికీ రోగికీ స్పష్టంగా తెలుస్తుంది.

6. సంఖ్య సరిపడినా కుదుటపడని మనసు:
ఈ విషయంలో రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. దిగులుతో వచ్చినవారికి థైరాయిడ్ పరీక్ష చేయించకపోవడం మొదటిది. నిర్ధారణ తరువాత ప్రతి దిగులునూ థైరాయిడ్‌కే ఆపాదించడం రెండవది. మొదటిదాని గురించి ప్రచారం పెరిగింది. రెండవదాని ప్రమాదాన్ని గుర్తించేవారు తక్కువ.

నీరసం, అతినిద్ర, ఏకాగ్రతలోపం, బరువులో మార్పు అనేవి హైపోథైరాయిడిజంలోనూ డిప్రెషన్‌లోనూ కనిపిస్తాయి. కాని తాను ఎందుకూ పనికిరానన్న భావన, తీవ్రమైన అపరాధభావం, చనిపోవాలన్న ఆలోచన డిప్రెషన్ వైపే ఎక్కువగా సూచిస్తాయి. రెండూ ఒకేసారి ఉండవచ్చు కూడా. టి.ఎస్.హెచ్. సాధారణ స్థాయికి వచ్చాక కూడా కొందరిలో లక్షణాలు కొనసాగుతాయి. అప్పుడు రక్తహీనత, విటమిన్ బి12, డి లోపాలు, నిద్రలో శ్వాస ఆగే సమస్య, డిప్రెషన్ వంటి ఇతర కారణాలను వెదకాలి. అంతేగాని మోతాదును పెంచుతూ పోకూడదు.

సబ్‌క్లినికల్ స్థితి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 65 ఏళ్ళు, అంతకు పైబడిన 737 మందిపై జరిగి 2017లో ప్రచురితమైన ట్రస్ట్ అనే పరిశోధనలో, ఈ స్థితికి లెవోథైరాక్సిన్ వాడినవారిలో లక్షణాలపరంగా చెప్పుకోదగిన మేలు కనబడలేదు. కొద్దిగా పెరిగిన సంఖ్యే తన దిగులుకు కారణమని నమ్మి, మాత్రతోనే అంతా తీరుతుందని ఎదురుచూసే వ్యక్తికి అసలు చికిత్స ఆలస్యమవుతుంది.

రెండు సందర్భాలను ప్రత్యేకంగా చెప్పాలి. ప్రసవం తరువాతి ఏడాదిలో కొందరు స్త్రీలకు థైరాయిడ్ వాపు వచ్చి గ్రంథి పని తగ్గుతుంది. బాలింత దిగులును అలసట అని తోసిపుచ్చకుండా పరీక్ష చేయించాలి. అలాగే బైపోలార్ వ్యాధికి వాడే లిథియం థైరాయిడ్ పనిని తగ్గించగలదు. ఆ మందు వాడేవారికి క్రమం తప్పని పరీక్షలు అవసరం. ఫలితం తేడాగా వచ్చినా లిథియంను సొంతంగా ఆపకూడదు.

7. కుటుంబం, విద్యాసంస్థలు:
పరిశోధన అనేది జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, నిరంతర శ్రమల మీద నడిచే పని. చదివిన పుటను మళ్ళీ చదవవలసి రావడం, తెలిసిన పదం నోటికి రాకపోవడం, అధ్యాయం గడువు దాటిపోవడం పరిశోధక విద్యార్థికి తన సామర్థ్యంపైనే సందేహం కలిగిస్తాయి. పర్యవేక్షకుడు దానిని అశ్రద్ధగా భావించవచ్చు. చికిత్స మొదలైన తొలి మూడు నాలుగు నెలల పాటు పనిని చిన్న భాగాలుగా విభజించడం, గడువులను సవరించడం దయాదాక్షిణ్యాల విషయం కాదు, వ్యాధి గమనాన్ని బట్టి చేయవలసిన ఏర్పాటు. అయితే అనారోగ్యం సంగతి ఎవరికి, ఎంతవరకు చెప్పాలన్న నిర్ణయం విద్యార్థిదే.

కుటుంబం చేయగలిగినది మరింత సులభం. బద్ధకం అనే మాటను పక్కన పెట్టడం, మాత్ర వేళకు కాఫీ ఒక అరగంట ఆపడం, తదుపరి పరీక్ష తేదీని గుర్తుచేయడం చాలు. చనిపోవాలన్న ఆలోచన మాటల్లో వ్యక్తమైతే మాత్రం తదుపరి రక్తపరీక్ష కోసం ఆగరాదు. వెంటనే మానసిక వైద్యుని సంప్రదించాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ సేవ 14416 సంఖ్యపై తెలుగులోనూ అందుబాటులో ఉంది.

8. ముగింపు:
హైపోథైరాయిడిజంలో మానసిక లక్షణాలకు జీవరసాయన కారణం ఉంది. అవి వ్యక్తిగుణానికి చెందిన లోపాలు కావు. చికిత్స సులభమైనదే అయినా ఫలితం వారాలు, నెలల మీద కనిపిస్తుంది. ఈ వ్యవధిని ముందుగా తెలియజెప్పడం చికిత్సలో భాగం కావాలి. దిగులు ఉన్నవారికి థైరాయిడ్ పరీక్ష ఎంత అవసరమో, థైరాయిడ్ ఉన్నదని తేలినవారి దిగులును విడిగా పరిశీలించడమూ అంతే అవసరం. తెలుగు ప్రాంతాలలో రోగులు తమ మానసిక స్థితిని ఏ మాటలతో చెప్పుకుంటున్నారు, వైద్యులు ఆ మాటలను ఎలా అర్థం చేసుకుంటున్నారు అన్న అంశంపై భాషాశాస్త్ర, మనస్తత్వశాస్త్ర పరిశోధకులు కలిసి పనిచేయడానికి విస్తృతమైన అవకాశం ఉంది. "నీరసంగా ఉంది" అన్న మాట వైద్యుని గదిలో సరిగా అర్థమైతే, వ్యాధి నిర్ధారణ ఎన్నో ఏళ్ళు ముందుకు జరగగలదు.