ఇంటిపేరు ఎక్కడి నుంచి వచ్చింది? పేరుకి ముందుండే ఆ మాట పాస్‌పోర్టు దగ్గర ఎందుకు తిప్పలు పెడుతోంది?

పదో తరగతి మెమోలో ఒకలా, ఆధార్‌లో ఒకలా, పాన్ కార్డులో ఇంకోలా.. తెలుగువాళ్లలో చాలామందికి మూడు కార్డుల్లో మూడు పేర్లుంటాయి. మనిషి ఒక్కరే. తేడా అంతా ఇంటిపేరు దగ్గరే. ఒకచోట పూర్తిగా ఉంటుంది, ఒకచోట పొడి అక్షరం ఉంటుంది, ఇంకోచోట పేరు చివరికి వెళ్లిపోతుంది. వీసాకి అప్లై చేసినప్పుడో, పాన్-ఆధార్ లింక్ చేసేటప్పుడో ఈ తేడా బయటపడుతుంది. అసలు ఈ ఇంటిపేరు ఎలా పుట్టింది? దీని అర్థమేంటి? ఇప్పుడు ఇబ్బంది ఎక్కడొస్తోంది? వివరంగా చూద్దాం.

ముందు ఇల్లు.. తర్వాత మనిషి

తెలుగులో ఇంటిపేరు మొదట వస్తుంది. నందమూరి తారక రామారావు, పూసర్ల వెంకట సింధు, పుల్లెల గోపీచంద్.. అన్నింటిలోనూ మొదటి మాట ఇంటిపేరే. పి.వి. నరసింహారావు పేరులో 'పి' అంటే పాములపర్తి. అది ఆయన ఇంటిపేరు. కానీ ఆయన ప్రధానిగా ఉన్నప్పుడు విదేశీ పత్రికలు 'మిస్టర్ రావు' అని రాసేవి. చివర ఉన్నదే కుటుంబం పేరు అనుకోవడం వాళ్ల పద్ధతి. మన పద్ధతి దానికి తలకిందులు.

ముందు కుటుంబం పేరు చెప్పడం మనకొక్కళ్లకే ఉన్న అలవాటు కాదు. చైనా, కొరియా వాళ్లదీ ఇదే పద్ధతి. బ్యాడ్మింటన్ మ్యాచ్‌లు చూసేవాళ్లకి ఇది తెలిసే ఉంటుంది. స్కోర్‌బోర్డు మీద సింధు పేరు 'పూసర్ల వి. సింధు' అని ఇంటిపేరుతోనే మొదలవుతుంది.

ఊరు వదిలాకే ఊరిపేరు

తెలుగు ఇంటిపేర్లలో చాలావరకు ఊరిపేర్లే. అయితే ఇక్కడో ఇంట్రెస్టింగ్ పాయింట్ ఉంది. కొల్లూరులోనే ఉన్నవాళ్లని 'కొల్లూరి వాళ్లు' అని పిలిస్తే ఉపయోగం లేదు. ఊరంతా కొల్లూరి వాళ్లే కదా. ఆ కుటుంబం ఇంకో ఊరికి వెళ్లి స్థిరపడితే, అక్కడివాళ్లు గుర్తు కోసం 'కొల్లూరి వాళ్లు' అంటారు. రెండు మూడు తరాలకి అదే ఇంటిపేరుగా నిలబడిపోతుంది. అంటే ఊరిపేరు ఇంటిపేరైందంటే.. ఎప్పుడో ఒకప్పుడు పూర్వీకులు ఆ ఊరు వదిలి వచ్చి ఉంటారని అర్థం.

దీనికి మంచి ఉదాహరణ మాజీ రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆయన పుట్టింది ఇప్పటి తమిళనాడులోని తిరుత్తణి ప్రాంతంలో. ఇంటిపేరు మాత్రం నెల్లూరు జిల్లాలోని సర్వేపల్లి గ్రామానిది. పూర్వీకులు అక్కడి నుంచి వెళ్లారు, ఊరిపేరు కూడా వాళ్లతోపాటే వెళ్లింది.

ఇది నిన్న మొన్నటి పద్ధతి కూడా కాదు. పోతన పేరుకి ముందున్న బమ్మెర ఇప్పటి జనగామ జిల్లాలో ఉన్న ఊరు. అన్నమయ్య పేరుకి ముందుండే తాళ్లపాక రాజంపేట దగ్గరుంది. వాళ్లిద్దరూ 15వ శతాబ్దం వాళ్లు.

చివరి అక్షరం చూస్తే క్లూ దొరుకుతుంది

'ఊరు' అనే మాట 'ఊరి' అవుతుంది. 'ఊరి చెరువు' అంటాం కదా, అలాగే. అందుకే కొల్లూరు నుంచి కొల్లూరి, వేమూరు నుంచి వేమూరి, ఏలూరు నుంచి ఏలూరి వచ్చాయి. 'నాడు' అన్నది 'నాటి' అయినట్టు 'పాడు' అన్నది 'పాటి' అవుతుంది. గొట్టిపాడు నుంచి గొట్టిపాటి అలా వచ్చిందే. పల్లి, పూడి, కొండ, వాడ లాంటివి మాత్రం మారకుండా అలాగే ఉండిపోతాయి. ఇంటిపేరు చివర ఇలాంటివి ఏమైనా ఉంటే, ముందు ఆ పేరుతో ఊరుందేమో వెతకాలి.

లేదంటే పొరబడతాం. 'బెల్లంకొండ' అనగానే పూర్వీకులు బెల్లం అమ్మి ఉంటారని ఊహిస్తాం. కానీ పల్నాడు జిల్లాలో బెల్లంకొండ అనే ఊరే ఉంది.

ఉప్పు, పప్పు, పులి, గుర్రం..

అన్నీ ఊరిపేర్లే కాదు. చింత, వేప, మామిడి లాంటి చెట్లున్నాయి. పులి, ఏనుగు, మేకల, గొర్రెల లాంటి జంతువులున్నాయి. ఉప్పు, పప్పు, జీలకర్ర, మిరియాల లాంటి వంటింటి సరుకులూ ఇంటిపేర్లే. కోట, మిద్దె, పెద్దింటి లాంటివి ఇంటిని బట్టి వచ్చినట్టు కనిపిస్తాయి. కరణం, దేశాయి, దేశ్‌ముఖ్, దేశ్‌పాండే లాంటివి ఒకప్పటి ఉద్యోగాలు, హోదాలు. ఊరి లెక్కలు రాసినవాళ్లు కరణాలు. నిజాం కాలం నాటి హోదాల పేర్లు తెలంగాణలో ఎక్కువగా కనిపిస్తాయి.

మతంతోనూ దీనికి సంబంధం లేదు. గుర్రం జాషువా పేరే చూడండి. జాషువా క్రైస్తవ పేరు, గుర్రం అచ్చ తెలుగు ఇంటిపేరు. ఆంధ్ర ప్రాంతంలోని ముస్లిం కుటుంబాల్లో షేక్, సయ్యద్, పఠాన్ లాంటివి పేరుకి ముందు వచ్చి ఇంటిపేర్ల లాగే చెల్లుబాటు అవుతున్నాయి.

ఇంటి ముందున్న చెట్టో, అమ్మిన సరుకో, ఊళ్లో జరిగిన ఏదో సంఘటనో.. కారణం ఏదైనా కావచ్చు. ప్రతి ఇంటిపేరుకీ పక్కా ఆధారం దొరకదు. 'మీ ఇంటిపేరుకి అసలు అర్థం ఇదే' అంటూ తిరిగే రీల్స్ అన్నీ నమ్మేయకండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే, 'మన వాళ్లు ఏ ఊరి నుంచి వచ్చారు?' అని అడగడమే మంచి పద్ధతి.

ఇంటిపేరు చూసి కులం చెప్పొచ్చా?

చెప్పలేం. ఒక ఊరి నుంచి బయటికి వెళ్లింది ఒక్క కులం వాళ్లే కాదు కదా. అందుకే ఒకే ఇంటిపేరు నాలుగైదు కులాల్లో కనిపిస్తుంది. రెడ్డి, నాయుడు, చౌదరి, గౌడ్, శాస్త్రి లాంటివి పేరు చివర చేరే మాటలు. అవి ఇంటిపేర్లు కావు. నీలం సంజీవరెడ్డి పేరులో ఇంటిపేరు నీలం. ఇక 'రావు' అన్నది గౌరవంగా చేర్చే మాట, చాలా కులాల్లో ఉంది.

కొన్నిసార్లు కులం పేరే ఇంటిపేరు స్థానంలోకి వచ్చేస్తుంది. తెలంగాణ సాయుధ పోరాటంలో నిలబడిన చాకలి ఐలమ్మ ఇంటిపేరు చిట్యాల. జనం నోట మాత్రం చాకలి ఐలమ్మగానే నిలిచారు. 2024లో హైదరాబాద్ కోఠిలోని మహిళా యూనివర్సిటీకి కూడా ఆ పేరే పెట్టారు. తక్కువ చేసి పిలవడానికి వాడిన మాట ఇప్పుడు గౌరవంగా బోర్డు మీదికెక్కింది. అయినా ఆమెకీ ఒక ఇంటిపేరు ఉందన్న సంగతి గుర్తుండాలి.

ఒకే ఇంటిపేరు ఉంటే అన్నాచెల్లెళ్ల వరస అంటూ పెద్దలు పెళ్లికి ఒప్పుకోకపోవడం చాలా కుటుంబాల్లో ఉంది. ఇది ఆచారం మాత్రమే. 1955 హిందూ వివాహ చట్టం అడ్డు చెప్పేది దగ్గరి రక్తసంబంధాలకి. ఇంటిపేరు కలిసిందన్న కారణంతో పెళ్లి చెల్లకుండా పోదు.

మారకూడదని రూలేం లేదు

ఇంటిపేరు పుట్టుకతో వచ్చి చచ్చేదాకా ఉండాలని ఎక్కడా లేదు. మహాకవి శ్రీశ్రీ పుట్టింది పూడిపెద్ది వారింట. దత్తత వెళ్లాక శ్రీరంగం శ్రీనివాసరావు అయ్యారు. మనకు తెలిసిన 'శ్రీశ్రీ' అలా వచ్చిందే.

పెళ్లయిన ఆడవాళ్లు ఇంటిపేరు మార్చుకోవాలన్న చట్టం కూడా లేదు. పెళ్లి తర్వాత పాస్‌పోర్టులో పేరు మార్చుకోవాల్సిన పనిలేదని 2017 ఏప్రిల్‌లో ప్రధాని నరేంద్ర మోదీ స్వయంగా చెప్పారు. మార్చుకుంటే తప్పులేదు, మార్చుకోకపోయినా తప్పులేదు. కాకపోతే కొన్ని కార్డుల్లో పుట్టింటి పేరు, కొన్నింట్లో అత్తింటి పేరు ఉంటేనే చిక్కు.

పిల్లల సంగతి? దీని మీద 2022 జులైలో సుప్రీంకోర్టు కీలక తీర్పు ఇచ్చింది. అది ఓ తెలుగు కుటుంబం కేసే. భర్త చనిపోయాక ఆమె మళ్లీ పెళ్లి చేసుకున్నారు. బాబు ఇంటిపేరు విషయంలో చనిపోయిన భర్త తల్లిదండ్రులతో వివాదం వచ్చింది. సొంత తండ్రి ఇంటిపేరే పెట్టాలని, రికార్డుల్లో రెండో భర్తని 'సవతి తండ్రి'గా చూపించాలని హైకోర్టు చెప్పింది. సుప్రీంకోర్టు దాన్ని పక్కన పెట్టింది. సవతి తండ్రి అని రాయమనడం క్రూరమని, పిల్లాడి ఆత్మగౌరవం మీద ప్రభావం చూపుతుందని వ్యాఖ్యానించింది. తండ్రి లేనప్పుడు సహజ సంరక్షకురాలైన తల్లికి పిల్లల ఇంటిపేరు నిర్ణయించే హక్కు ఉందని స్పష్టం చేసింది.

తిప్పలు ఎక్కడ మొదలవుతాయి?

కొల్లూరి రవికుమార్ అనే వ్యక్తి ఉన్నాడనుకుందాం. పదో తరగతి మెమోలో 'కె. రవికుమార్'. ఆధార్‌లో పేరుకి ఒకటే గడి కాబట్టి 'కొల్లూరి రవికుమార్'. పాస్‌పోర్టులో మాత్రం ఇంటిపేరుకి, సొంత పేరుకి వేర్వేరు గడులుంటాయి. పాస్‌పోర్టు, పాన్ అప్లికేషన్లలో పొడి అక్షరాలు ఒప్పుకోరు, పూర్తి పేరు రాయాల్సిందే. అక్కడ ఇంటిపేరు గడిలో 'కొల్లూరి' అనే రాయాలి. తెలియక 'కుమార్' అని రాస్తే ఇక అన్నిచోట్లా అతని కుటుంబం పేరు కుమార్ అయిపోతుంది. ఇంకొందరు మొత్తం పేరుని ఒకే గడిలో రాసి, రెండోది ఖాళీగా వదిలేస్తారు.

అలా వదిలేస్తే ఏమవుతుంది? పాస్‌పోర్టులో రెండు గడుల్లో ఒక్కదాంట్లోనే పేరుంటే, అమెరికా వీసాలో సొంత పేరు ఉండాల్సిన చోట 'మొదటి పేరు తెలియదు' అని అర్థం వచ్చే 'ఎఫ్ఎన్‌యూ' అక్షరాలు పడతాయి. తర్వాత బ్యాంకు అకౌంట్, డ్రైవింగ్ లైసెన్స్ దగ్గర కూడా అవి వెంటాడతాయి.

గల్ఫ్ వెళ్లేవాళ్లకి ఇంకో షాక్ తగిలింది. పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉండి రెండో గడి ఖాళీగా ఉన్నవాళ్లని విజిట్, టూరిస్ట్ వీసాల మీద అనుమతించబోమని 2022 నవంబర్‌లో యూఏఈ ప్రకటించింది. తర్వాత పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరు గానీ, కుటుంబం పేరు గానీ ఉంటే చాలని క్లారిటీ ఇచ్చారు.

దీనికి తోడు స్పెల్లింగ్ గోల ఒకటి. తెలుగులో 'లక్ష్మి' అని ఒక్కలాగే రాస్తాం. ఇంగ్లిష్‌లో ఒకరు 'ఎక్స్'తో రాస్తారు, ఇంకొకరు 'కె, ఎస్, హెచ్'తో రాస్తారు. కంప్యూటర్‌కి ఆ రెండూ ఇద్దరు వేర్వేరు మనుషులు.

మరి ఏం చేయాలి?

• పిల్లల బర్త్ సర్టిఫికెట్ దగ్గరే జాగ్రత్త పడండి. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టినవాళ్లకి స్కూల్ అడ్మిషన్ నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి అదే ఆధారం. పుట్టిన ఏడాదిలోపు పేరు ఉచితంగా చేర్పించుకోవచ్చు. ఆ తర్వాత 15 ఏళ్ల దాకా ఫీజు కట్టి చేర్పించుకునే వీలుంది.

• ఇంటిపేరు పూర్తిగా రాయించండి, పొడి అక్షరంతో సరిపెట్టకండి.

• పదో తరగతి నామినల్ రోల్స్ పంపే ముందు స్కూల్‌కి వెళ్లి స్పెల్లింగ్ చూసుకోండి. మెమో వచ్చాక మార్చడం కంటే అది చాలా తేలిక.

• ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి రెండుసార్లే అవకాశం ఉంటుంది. కాబట్టి ముందు మెమో, బర్త్ సర్టిఫికెట్ దగ్గర పెట్టుకుని, ఏ స్పెల్లింగ్ ఉంచాలో ఒకసారి తేల్చుకున్నాకే అప్లై చేయండి.

• పేరే పూర్తిగా మార్చుకోవాలంటే అఫిడవిట్, పత్రికల్లో ప్రకటన, గెజిట్ నోటిఫికేషన్ దాకా వెళ్లాల్సి ఉంటుంది.

ఒకప్పుడు ఇంటిపేరు పెట్టింది చుట్టుపక్కల జనం. ఎవరికి తోచినట్టు వాళ్లు పిలిచినా నడిచిపోయింది. ఇప్పుడు దాన్ని ఖాయం చేసేది అప్లికేషన్ ఫారం. అందుకే వీసా ఇంటర్వ్యూ ముందు రోజు కంగారు పడేకంటే, ఇవాళే మీ మెమో, ఆధార్, పాన్, పాస్‌పోర్టు నాలుగూ పక్కపక్కన పెట్టి ఒకసారి చూసుకోండి.